ఒకటి, మూడు, నాలుగు, రెండు

ఎనుమాముల మిర్చి గోదాంల
పన్నెండేండ్లు బస్తాల నడుమ పండుకున్న బండి.
రెండే సీట్లు, మీద కప్పు లేదు.
ఇప్పటికీ జర గట్టిగ కూసుంటే
సీట్ల నుంచి తేజా మిర్చి ఘాటు లేస్తది.
నాకు తుమ్ములు, బండికీ తుమ్ములు.

నా తుమ్ములకు గోలీ ఉన్నది.
దాని తుమ్ములకు ఆటోనగర్ల యాకూబ్ పాషా
డిస్ట్రిబ్యూటర్ మూత ఇప్పి
నడిమి కడ్డీని రెండు వేళ్లతోని పట్టి ఊపిండు.
కదలొద్దు.
కదిలింది, ఊడనీకి వచ్చిన పాలపన్ను లెక్క.

"బుష్షులు పురాగ అరిగినయ్ స్వరూపక్కా.
పాయింట్ల సందు చుట్టుకొక్క తీరున్నది.
నాలుగిండ్లకు నిప్పు పంచెటోడే
తాగి తిరుగుతుండు."

ఇంకోటి ఎయ్యాలె. ఏది?

ఢిల్లీ నుంచి ఒకటి తెప్పించిండు, అగ్గువకు.
మెరుస్తున్నది.
డబ్బా మీద ఇంగ్లండు జెండా,
చేసినోని పేరు మాత్రం ఏడ లేదు.
రోటర్ తిప్పి చూసిన: ఇత్తడి రేకును పట్టుకున్న రివిట్
నిప్పుకు పక్కదారి చూపెట్టేటంత పొడుగు.
మాట్లాడకుంట డబ్బాల పెట్టి ఇచ్చిన.
యాకూబ్ కూడ ఏం మాట్లాడలే.

మా చెల్లె కొడుకు వినీల్ ఇంకోటి పట్కొచ్చిండు.
"దీంట్ల పాయింట్లే ఉండయ్ పెద్దమ్మా,
ఒక అయస్కాంతం, ఒక చిప్పు.
పెట్టి మర్చిపో."

పెట్టి మర్చిపోవుడు నాకు చాతగాదు బిడ్డా.
ముప్పై మూడేండ్లు కాజీపేటల సిగ్నల్ మెయింటెయినర్ని.
మా దగ్గర తీగ తెగితే చెయ్యి కిందికి వాలుతది,
బల్బు మాడితే బండి ఆగుతది.
చెడిపోవుడు కూడ ఒక పద్ధతి ప్రకారమే.
అందుకే ఏ సామాను చేతికొచ్చినా
ధర అడగకముందు ఇదడుగుత:
నువ్వు పోయేటప్పుడు ఎట్ల పోతవ్?

చిప్పు జవాబు చెప్పలే.
తాడ్వాయి అడివిల, సెల్లు టవరు అందని కాడ,
గుడ్లు మూసినట్టు పోతదట. గంతే.
పాయింట్లు అట్లగాదు.
పొద్దున స్టార్టు కానీకి సతాయిస్తయ్,
ములుగు గుట్ట ఎక్కంగ దగ్గుతయ్,
వారం ముందే కబురు పెడ్తయ్.
ఉప్పుకాగితంతోని రెండు గీతలు గీకితే
ఇల్లు చేరుస్తయ్.

పాతదాన్నే పట్టుకొని కరీమాబాదుకు పోయిన.
వీరాచారి లేతు మీద కంచు బుష్షు చెక్కిండు,
ఎంట్రుకవాసి, ఇంకో ఎంట్రుకవాసి,
మధ్యల కరెంటు పోతే చాయ్ తాగుకుంట.
మూడు వారాలన్నది ఆరైంది.
లోపటి బరువులకు స్ప్రింగులు మాత్రం
ఆయనతోని కాలే.
కోయంబత్తూరు నుంచి రెండు జతలు, రెండూ తప్పే.
మూడోది దగ్గరికొచ్చింది.
దగ్గరికే. సరిగ్గ అని చెప్పలేను.

పెండ్లిపత్రిక కొసను కత్తిరించి
పాయింట్ల నడుమ పెట్టి బిగించిన.
ఆ పెండ్లికి నేను పోలే,
అట్ట మాత్రం మంచి మందం.
కడ్డీని ఊపిన. కదలలే.

ఇంకో ముచ్చట, వినీలుకు చెప్పొద్దు:
ఆ చిప్పుదాన్ని కూడ కొన్న.
పాత లుంగీ ముక్కల చుట్టి సీటు కింద పెట్టిన.
సిగ్నలోళ్లకు రెండో దారి లేంది నిద్ర పట్టదు.

హంటర్ రోడ్డు, తెల్లారి ఐదున్నర.
యాకూబ్ పక్క సీట్ల, కండ్లు మూసుకొని ఇంటుండు.
నేను పెదవులతోనే లెక్కపెడ్తున్న,
ఒకటి, మూడు, నాలుగు, రెండు,
ఒకటి, మూడు, నాలుగు, రెండు.
బడిల గిట్ల చెప్తే దెబ్బలు పడేవి.
ఇంజనుకు ఇదే ఎక్కం.

జూపార్కు దాటంగ
ఒక తుమ్ము.

యాకూబ్ దిగ్గున కండ్లు తెరిచిండు,
నేను కాలు తీసిన.
ఇద్దరం బానెట్ దిక్కు చూసినం.

తుమ్మింది నేనే.